మా పద్దు, మీ పండుగ

లెక్క అడుగుదాం – 9



2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరుగుతాయని 2025 నవంబరులో ఖరారైంది. 2036 ఒలింపిక్స్ కూడా మన దేశానికే కావాలని పాలకులు పట్టుబడుతున్నారు. టీవీల్లో డప్పులు మోగాయి. వాట్సాప్ గ్రూపుల్లో జెండాలు ఎగిరాయి. మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక్క లడ్డూలు పంచడమే తక్కువ. "మేడం, మీరేం మాట్లాడట్లేదు. సంతోషం లేదా?" అని ఒక సహోద్యోగి అడిగాడు.

సంతోషానికి నాకేం అభ్యంతరం లేదు సార్. నాది ఒకే ప్రశ్న. ఈ పండుగకు డబ్బు ఏ పద్దులోంచి తీస్తారు?

"ఎంత ఖర్చవుతుంది" అని అందరూ అడుగుతారు. పేపర్లు అడుగుతాయి, ప్రతిపక్షం అడుగుతుంది. "ఏ పద్దులోంచి" అని అడిగేవాళ్ళు తక్కువ. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తే 2010 గుర్తుకొస్తుంది. 2010 గుర్తుకు రావడం ఎవరికీ ఇష్టం లేదు. అవినీతి గుర్తుంటే వాళ్ళకు ఫర్వాలేదు. కల్మాడీ అరెస్టయ్యాడు, టాయిలెట్ పేపర్ ధర మీద జోకులేసుకున్నాం, అయిపోయింది. కానీ అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. దాని మీద జోకులు కూడా రాలేదు.

2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ క్రీడల ఖర్చులో మన డబ్బుంది. మన అంటే దేశ ప్రజలందరిదీ అనే అర్థంలో కాదు. మాల, మాదిగ, చమార్, వాల్మీకి వాడలకు చట్టబద్ధంగా చేరాల్సిన డబ్బు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు నుంచి చెప్తాను. 1970ల చివర్లో షెడ్యూల్డ్ కులాల కోసం 'స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్' మొదలైంది. దీని వెనక మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ ఉన్నారు. సూత్రం చాలా చిన్నది. జనాభాలో దళితులు ఎంత శాతమో, ప్రణాళికా నిధుల్లో అంత శాతం వాళ్ళకోసం విడిగా పెట్టాలి. ఆ డబ్బును వేరేదానికి మళ్ళించకూడదు. ఖర్చు కాకపోతే మురిగిపోకూడదు. బడ్జెట్ పుస్తకాల్లో దీనికొక నంబరుంది: 789. ఆదివాసులకైతే 796. మా వాడల్లో చాలామందికి ఆధార్ నంబరు నోటికొచ్చు. ఈ నంబరు మాత్రం ఎవరూ నేర్పలేదు. ఇవాళ నేర్చుకోండి. 789.

ఢిల్లీ జనాభాలో దళితులు సుమారు 17 శాతం. ఆ వాటా కింద పెట్టిన నిధుల్లోంచి ఢిల్లీ ప్రభుత్వం 744 కోట్ల రూపాయలకు పైగా కామన్వెల్త్ క్రీడలకు సంబంధించిన పనులకు వాడిందని 2010 మేలో 'హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్' సమాచార హక్కు చట్టం కింద కాగితాలు తీసి బయటపెట్టింది. దళిత సంఘాలు వీధికెక్కాయి. పార్లమెంటులో గొడవైంది. చివరికి అప్పటి కేంద్ర హోం మంత్రి చిదంబరం రాజ్యసభలో ఒప్పుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క సుమారు 678 కోట్లు. అది తప్పేనని, తిరిగి ఇప్పించడానికి చూస్తామని కూడా అన్నాడు.

744నా, 678నా? ఆ తేడా మీద ఎవరైనా వాదించుకోవచ్చు. జరిగిందా లేదా అన్నదాని మీద వాదన లేదు. హోం మంత్రే సభలో ఒప్పుకున్నాడు.

నేను తెలుగు పాఠం చెప్పి బతికేదాన్ని. మాటలతోనే నా పని. అందుకే ఒక మాట దగ్గర ఆగుతాను. దీన్ని అందరూ 'దారి మళ్ళింపు' అన్నారు. చూడండి ఎంత మర్యాదగా ఉందో. నీళ్ళు మళ్ళినట్టు, ట్రాఫిక్ మళ్ళినట్టు. మా వాడ కుర్రాడు రైతు చేలోంచి నాలుగు మొక్కజొన్న పొత్తులు తెస్తే దాన్ని మళ్ళింపు అనరు. దొంగతనం అంటారు, చెట్టుకు కట్టేస్తారు. వందల కోట్లు ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి పోతే మాత్రం 'మళ్ళింపు'. అకౌంట్స్ భాషకు కూడా కులముంటుంది. తీసుకున్నవాడు పెద్దోడైతే పదం మెత్తగా ఉంటుంది.

సరే. "ఆటలకు కదా పెట్టింది, తప్పేముంది" అనేవాళ్ళుంటారు. వాళ్ళకోసం ఈ ఆటల పండుగల ఆర్థిక శాస్త్రం కాస్త చూద్దాం. భయపడకండి. కిరాణా కొట్టు ఖాతా చదవగలిగితే ఇదీ చదవగలం.

ఏ క్రీడా సంస్థకైనా డబ్బొచ్చే దారులు నాలుగైదు. టిక్కెట్లు, టీవీ హక్కులు, స్పాన్సర్లు, ప్రభుత్వ గ్రాంటు, అప్పు. క్రికెట్ బోర్డుకు టీవీ హక్కులున్నాయి. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. కాబట్టి వాళ్ళు ప్రభుత్వం ముందు చెయ్యి చాపనక్కర్లేదు. మిగతా ఆటల్లో చాలావాటికి ఆ భాగ్యం లేదు. వాటికి ప్రభుత్వమే దిక్కు. అంటే పన్ను కట్టేవాళ్ళు దిక్కు. అగ్గిపెట్టె కొన్నా జీఎస్టీ కడుతున్నాం కాబట్టి ఆ లెక్కలో మా అమ్మ కూడా ఉంది.

పెద్ద పోటీలు పెట్టేవాళ్ళు ప్రతిసారీ ఒకే పాట పాడతారు: ముందు మీరు పెట్టండి, తర్వాత ఆదాయం వస్తుంది, పెట్టింది వెనక్కి వచ్చేస్తుంది. ఢిల్లీ నిర్వాహక కమిటీ కూడా అదే పాడింది. ఖర్చుకు సరిపడా మేమే సంపాదిస్తాం, ప్రభుత్వానికి భారం ఉండదంది. 2008లో 1,780 కోట్ల ఆదాయం వస్తుందని కాగితం మీద రాసింది. ఆ కాగితం చూసి ప్రభుత్వం అప్పిచ్చింది. 2011లో కాగ్ నివేదిక వచ్చింది. ఒప్పందాల మేరకు రావాల్సింది 682 కోట్లు మాత్రమే. దాన్ని తేవడానికైన ఖర్చులు పోగా నికరంగా చేతికొచ్చింది 174 కోట్ల లోపు. 1,780 ఎక్కడ, 174 ఎక్కడ? పదో వంతు కూడా రాలేదు. వచ్చిన స్పాన్సర్లలో పెద్దవి కూడా రైల్వేల వంటి ప్రభుత్వ సంస్థలే. అంటే సర్కారు కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకుని దాన్ని ఆదాయం అంది.

ఇక మొత్తం ఖర్చు. 2003లో బిడ్ వేసినప్పుడు 1,200 కోట్లన్నారు. చివరికి కాగ్ లెక్కలో 18,532 కోట్లయింది. పదిహేను రెట్లకు పైనే. మీ ఇంటి మేస్త్రి లక్షా ఇరవై వేలని చెప్పి పద్దెనిమిదిన్నర లక్షల బిల్లు పెడితే ఏం చేస్తారు? ఇక్కడ మేస్త్రికి దండలేశారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వేసిన బడ్జెట్ చాలనప్పుడు ఏం జరుగుతుందో అర్థం కావాలి. తేదీ మారదు. ప్రారంభోత్సవానికి విదేశీ అతిథులొస్తారు. పరువు పోకూడదు. అప్పుడు అధికారులు డబ్బున్న పద్దుల వైపు చూస్తారు. ఏ పద్దులోంచి తీస్తే గొడవ తక్కువో చూస్తారు. కాంట్రాక్టర్ బిల్లు ఆపితే కోర్టుకు పోతాడు. ఉద్యోగుల జీతాలు ఆపితే సమ్మె చేస్తారు. వాడకు రావాల్సిన డబ్బు ఆపితే? వాడకు ఆ డబ్బు ఉందన్న సంగతే తెలియదు. తెలియని వాడి జేబు కత్తిరించడం అన్నిటికంటే తేలిక. 789 ఖాళీ అవడానికి కారణం ద్వేషమే అయి ఉండాల్సిన అవసరం లేదు. కాపలా లేని కొట్టు కావడం చాలు.

అదే ఢిల్లీలో ఆ మూడు నాలుగేళ్ళలో ఇంకా ఏం జరిగిందో కూడా కలిపి చూడండి. మురికివాడలు కూల్చారు. కూల్చనివాటిని అతిథుల కంటికి కనపడకుండా తెరలు కట్టి దాచారు. స్టేడియాలు కట్టిన కూలీలకు కనీస వేతనాలు కూడా సరిగా అందలేదని ఢిల్లీ హైకోర్టు వేసిన కమిటీయే తేల్చింది. ఆ కూలీలు ఎవరు, ఏ కులాల వాళ్ళు? నేను వేరే చెప్పాలా? మన డబ్బు, మన చెమట. తెర మాత్రం మన ముఖానికి.

ఖర్చు చూసి వెనక్కి తగ్గిన ప్రభుత్వాలు ప్రపంచంలో లేకపోలేదు. 2026 కామన్వెల్త్ క్రీడలు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరగాల్సింది. 260 కోట్ల డాలర్లవుతుందనుకున్నది 600 కోట్లు దాటేలా ఉందని 2023 జులైలో ఆ ప్రభుత్వం చేతులెత్తేసింది. ఆస్పత్రులు, బడుల డబ్బు తీసి పన్నెండు రోజుల ఆటలకు పెట్టలేనని వాళ్ళ ప్రీమియర్ చెప్పాడు. ఒప్పందం తెంచుకున్నందుకు 38 కోట్ల డాలర్ల పరిహారం కట్టి మరీ బయటపడ్డారు. కెనడాలో అల్బెర్టా రాష్ట్రం అదే ఏడాది 2030 బిడ్ నుంచి తప్పుకుంది. మనకంటే ఎన్నో రెట్లు డబ్బున్న వాళ్ళు లెక్క వేసుకుని వద్దన్నదాన్ని మనం గర్వంగా నెత్తికెత్తుకున్నాం. ఎత్తుకోండి. బరువు ఎవరి మెడ మీద పడుతుందో ముందే చెప్పండి.

ఇక్కడికొచ్చేసరికి ఒక పాత ప్రశ్న తప్పక వస్తుంది. "ఆటకు కులమేంటి మేడం? మైదానంలో అందరూ సమానమే కదా."

పల్వంకర్ బాలూ పేరు విన్నారా? పుణెలో చమార్ కుటుంబం. ఆ ఊళ్ళో జింఖానాలో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, నెట్లు కట్టి, దొరలకు గంటల తరబడి బంతులేశాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల జట్టు తరఫున ఆడించుకున్నారు కానీ కెప్టెన్ని చెయ్యలేదు. టీ విరామంలో ఆయనకు వేరే మట్టి పిడత, పెవిలియన్ బయట. 2021లో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మహిళల హాకీ జట్టు ఓడిపోతే, హ్యాట్రిక్ కొట్టిన వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి, దళితులు ఎక్కువైనందుకే ఓడారని తిట్టారు. బంతికి కులం లేదు, ఒప్పుకుంటాను. బంతి కొనే డబ్బుకు ఉంది. మైదానం ఉన్న జాగాకు ఉంది. ఓటమి ఎవరి మీద వేయాలన్న తీర్పుకు ఉంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 'క్రీడ', 'ఆట' రెండూ ఒకటేనని నిఘంటువు చెప్తుంది. నిఘంటువు రాసినాయన వాడకొచ్చి చూడలేదు. క్రీడకు మంత్రిత్వ శాఖ ఉంది, విధానం ఉంది, ప్రాంగణం ఉంది. ఆటకు శ్మశానం పక్కన ఖాళీ జాగా ఉంది, అదీ ఎవరూ ఆక్రమించకపోతే. 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణమని బోర్డులు పెట్టారు. నేను చూసిన మూడు ఊళ్ళలో బోర్డు బాగుంది. ఒకచోట దాని వెనక రాళ్ళు, ఒకచోట తుమ్మచెట్లు, ఒకచోట వరి ఆరబోస్తున్నారు. వరికైనా పనికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పతకం వచ్చాక ఇచ్చే డబ్బు, పతకం రాకముందు ఇవ్వని డబ్బు.

దీప్తి జీవాంజి. వరంగల్ జిల్లా కల్లెడ. కూలి పని చేసుకునే తల్లిదండ్రులు. మేధో వైకల్యం ఉన్న పిల్లని ఊళ్ళో ఏడిపించారు. ఇల్లు గడవక ఆ కుటుంబం ఉన్న కాస్త భూమీ అమ్ముకుంది. ఆ పిల్ల 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. మంచిది. ఆ బిడ్డకు ఇంకా ఇవ్వాలి. అంతకు ముందు ఆసియా పారా క్రీడల్లో బంగారు పతకానికి వచ్చిన బహుమతి డబ్బుతో అమ్ముకున్న ఆ భూమినే ఆ కుటుంబం మళ్ళీ కొనుక్కుంది.

ఈ కథ విని అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఒక ఖాతా పుస్తకం కనిపిస్తుంది. కష్టకాలంలో పెట్టుబడి ఎవరు పెట్టారు? కుటుంబం. ఆస్తి ఎవరిది పోయింది? కుటుంబానిది. పతకం రాకపోతే నష్టం ఎవరిది? కుటుంబానిదే. పతకం వచ్చాక ఫొటోలో ఎవరున్నారు? ప్రభుత్వం. ఏ వ్యాపారంలోనైనా నష్టానికి సిద్ధపడి ముందు పెట్టుబడి పెట్టినవాడే యజమాని. మన దేశ క్రీడా రంగంలో ఆ ముందు పెట్టుబడి పెడుతున్నది పేదవాడి రెండెకరాలు. ప్రభుత్వం తయారైన పతకాన్ని చివర్లో వచ్చి కొనుక్కుంటోంది. అది చాలా చవక బేరం. గెలిచిన ఒక్కరికే ఇస్తే సరిపోతుంది. గెలవకుండా ఆగిపోయిన వందమంది ఖర్చు సర్కారు ఖాతాలో ఉండదు. వాళ్ళ అమ్మానాన్నల అప్పుల చిట్టాలో ఉంటుంది.

ముందే డబ్బు పెడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు ఆదివాసీ బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. భువనగిరి గుట్ట మీద శిక్షణ, ఆ తర్వాత హిమాలయాల్లో శిక్షణ, తిండి, పరికరాలు, ప్రయాణం అన్నీ ప్రభుత్వ డబ్బుతో, ఎక్కకముందే అందాయి. వాళ్ళ అమ్మానాన్నలు భూమి అమ్ముకోలేదు. తేడా ఇంతే. రక్తంలో ఉందా, జన్యువుల్లో ఉందా అని వెతికే పండితులు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

మా కాలేజీ సంగతి కూడా చెప్తాను. అడ్మిషన్ రోజున ప్రతి పిల్లా గేమ్స్ ఫీజు కడుతుంది. ఎస్సీ హాస్టల్లో ఉండి చదివే ఒక అమ్మాయి కబడ్డీ ఆడుతుంది. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు వెళ్ళడానికి బూట్లు లేక తోటి పిల్ల దగ్గర అడుక్కుని వేసుకుంది. అవి ఒక సైజు పెద్దవి. ముందు భాగంలో గుడ్డ కుక్కింది. అదే ఏడాది గేమ్స్ ఫండ్ లెక్క అడిగితే క్లర్కు చూపించాడు. షామియానా, మైకు, చీఫ్ గెస్ట్‌కు శాలువా, మెమెంటోలు, ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫర్. ఆటకు పెట్టింది బంతులు, నెట్లు, కొన్ని టీ షర్టులు. "బూట్లు పిల్లలే కొనుక్కోవాలి మేడం, రూలు అది" అన్నాడు. శాలువా ఎవరు కొనుక్కోవాలో ఏ రూల్లో ఉందో అడిగాను. జవాబు రాలేదు. ఆ కాగితం చిన్నదే, కానీ 18,532 కోట్ల కాగితం కూడా అదే వరసలో రాసి ఉంటుంది. అతిథికి ముందు, ఆడే పిల్లకు చివర.

ఇక్కడే బడ్జెట్లో రెండు రకాల ఖర్చుల మధ్య తేడా తెలియాలి. కట్టడానికి అయ్యేది ఒకటి. ఏటేటా నడపడానికి అయ్యేది ఇంకోటి. కట్టే ఖర్చుకు శిలాఫలకం ఉంటుంది, కాంట్రాక్టు ఉంటుంది, కమీషన్ ఉంటుంది. నడిపే ఖర్చంటే పీఈటీ జీతం, గుడ్లు, పాలు, బూట్లు, గడ్డికి నీళ్ళు. వాటికి రిబ్బన్ కత్తిరించలేరు. అందుకే స్టేడియాలు లేస్తాయి, పిల్లలు లేవరు.

హైదరాబాద్ గచ్చిబౌలి చూడండి. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వాడిన స్టేడియం అక్కడుంది. దానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకర్ అయిన దళితుడు, హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. పేరు మనవాడిది, గర్వమే. ఆ ప్రాంగణంలోని పద్నాలుగు అంతస్తుల భవనాన్ని 2020లో కరోనా వచ్చినప్పుడు టిమ్స్ ఆస్పత్రి చేశారు. ఆస్పత్రి కావడం మంచిదే, ప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఆటగాళ్ళ కోసం కట్టిన భవనం అంత తేలిగ్గా ఇవ్వగలిగేలా ఎందుకుంది? పోటీల తర్వాత ఎవరు వాడతారు, ఏడాదికి నిర్వహణ ఎంత, ఎవరు భరిస్తారు అని కట్టకముందే తేల్చుకోవడం బడ్జెట్లో ఒకటో ఎక్కం. మన దగ్గర ఆ ఎక్కం పండుగ అయ్యాక గుర్తొస్తుంది.

744 కోట్లను నా పద్ధతిలో లెక్కేస్తాను. ఒక ఎస్సీ హాస్టల్‌కు ఏడాదికి పది లక్షలు ఆటల కోసమే పెడితే చాలనుకుందాం. ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి జీతం, బూట్లు, బంతులు, అదనంగా రోజూ రెండు గుడ్లు, పోటీలకు బస్సు చార్జీలు. 744 కోట్లతో 744 హాస్టళ్ళను పదేళ్ళు అలా నడపొచ్చు. పదేళ్ళంటే ఆరో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ దాకా. ఆర్థిక శాస్త్రంలో దీనికి పెద్ద పేరుంది. మా అమ్మ భాషలో చెప్తే, ఒక రూపాయి ఒకచోట పెట్టామంటే ఇంకోచోట పెట్టలేదని. పన్నెండు రోజుల పండుగ ధర టిక్కెట్ మీద రాసి ఉండదు. లేవని ఆ హాస్టళ్ళే దాని ధర.

"తిరిగి ఇస్తామన్నారుగా" అంటారు. డబ్బుకు కాలముంటుంది. 2007లో పన్నెండేళ్ళున్న పిల్లకు 2012లో డబ్బు తిరిగొచ్చినా ఏం లాభం? అప్పటికి ఆమె బడి మానేసి ఉంటుంది, పెళ్ళయి ఉంటుంది. కాంట్రాక్టర్ బిల్లు ఆలస్యమైతే వడ్డీతో సహా వసూలు చేసుకుంటాడు. ఆగిపోయిన పరుగుకు వడ్డీ ఎవరు కడతారు?

ఇప్పుడు 2030. ఈసారి అలా జరగదని నమ్మమంటారా? చట్టం ఏముందో చూద్దాం. కాకి మాధవరావు గారి వంటి పెద్దలు, దళిత సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. దేశం మొత్తానికి వర్తించే అలాంటి చట్టం మాత్రం ఇవాళ్టికీ లేదు. కేంద్రంలో ఉన్నవన్నీ మార్గదర్శకాలే. మార్గదర్శకం అంటే ఉల్లంఘిస్తే ఎవరూ జైలుకు పోనిది.

మన చట్టంలో కూడా ఒక కన్నం ఉంది. విడదీయలేని మౌలిక వసతుల పనులకు, అంటే పెద్ద రోడ్డు, పెద్ద కట్టడం లాంటివాటికి, కొంత వాటాను ఎస్సీల కోసం ఖర్చయినట్టే 'భావించవచ్చు'. భావించడం! కవులు భావించాలి గానీ ఖజానా అధికారులు భావిస్తే ఎట్లా? ఫ్లైఓవర్ మీద దళితుడు కూడా నడుస్తాడు కాబట్టి అందులో ఇంత శాతం దళితులకే ఖర్చు పెట్టాం అన్న వాదన ఇక్కడ పుడుతుంది. స్టేడియంలో దళితుడు కూడా కూర్చోవచ్చు కాబట్టి అన్న వాదన రేపు వస్తుంది. కర్ణాటక చట్టంలో ఇలాంటిదే 7(డి) అనే సెక్షన్ ఉండేది. 2023లో దాన్ని తీసేశారు. అక్కడ కూడా ఆ నిధులు గ్యారంటీ పథకాలకు పోతున్నాయన్న గొడవ ఆగలేదు, నిజమే. కానీ సెక్షన్ తీసేయడం సాధ్యమేనని తేలింది కదా.

నిధుల పంపకం ఎవరి ఇష్టం మీద జరుగుతుందో తెలియాలంటే ఖేలో ఇండియా మౌలిక వసతుల లెక్క చాలు. పార్లమెంటుకు కేంద్రం ఇచ్చిన జవాబు ప్రకారం ఉత్తరప్రదేశ్‌కు, గుజరాత్‌కు ఒక్కొక్కదానికి 400 కోట్లకు పైగా. ఒలింపిక్స్‌కు దండిగా ఆటగాళ్ళను పంపే హర్యానాకు 100 కోట్ల లోపు. మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఒక్కొక్కదానికి 50 కోట్ల లోపు. పతకాలను బట్టి కూడా కాదు, పిల్లల సంఖ్యను బట్టి కూడా కాదు. మరి దేన్ని బట్టి? మీరే చెప్పండి.

కాబట్టి నా డిమాండ్లు.

ఒకటి. 2030 క్రీడలకు గానీ, 2036 బిడ్‌కు గానీ 789, 796 పద్దుల్లోంచి ఒక్క రూపాయి వాడబోమని కేంద్రం, గుజరాత్ ప్రభుత్వం ఇప్పుడే లిఖితపూర్వకంగా ప్రకటించాలి. జరిగాక క్షమాపణ వద్దు.

రెండు. ఉప ప్రణాళికకు కేంద్ర చట్టం కావాలి. రాష్ట్ర చట్టాల్లో 'భావించే' కన్నం పూడ్చాలి.

మూడు. క్రీడా శాఖ 789 కింద చూపించే ప్రతి రూపాయికీ ఏ హాస్టల్, ఏ గురుకులం, ఎంతమంది పిల్లలు అన్న జాబితా పెట్టాలి. శాతాలు మాకొద్దు, పేర్లున్న బడులు కావాలి.

నాలుగు. కొత్త స్టేడియం ఏదైనా కట్టేముందు పదేళ్ళ నిర్వహణ లెక్క, ఎవరు వాడతారన్న లెక్క ప్రజల ముందు పెట్టాలి.

ఐదు. పతకం తర్వాత కోటి ఇవ్వండి, కాదనను. పతకానికి పదేళ్ళ ముందు బూట్లివ్వండి.

ఇవన్నీ ఎవరో పెద్ద నాయకుడు అడుగుతాడని కూర్చోకండి. మీరు చేయగలిగింది రెండు గంటల పని. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో స్టేట్‌మెంట్ 10ఏ అని ఉంటుంది. షెడ్యూల్డ్ కులాల కోసం ఏ శాఖ ఎంత పెట్టిందో అందులో చూపిస్తారు. డౌన్‌లోడ్ చేయండి. క్రీడల శాఖ దగ్గర ఆగండి. మీ రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో 789 ఎక్కడెక్కడ వస్తుందో వెతకండి. తర్వాత మీ జిల్లా క్రీడాధికారికి, సంక్షేమ అధికారికి ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్ళలో మా జిల్లా ఎస్సీ హాస్టళ్ళ పిల్లల ఆటలకు ఎంత ఖర్చు పెట్టారు, రసీదులతో సహా ఇవ్వండి అని. ఫీజు పది రూపాయలు. తెల్లకార్డుంటే ఆ పది కూడా అక్కర్లేదు.

డిగ్రీ పిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నాను. మీ కాలేజీ గేమ్స్ ఫండ్ లెక్క అడగడం మీ హక్కు. ఫీజు కట్టింది మీరు. మర్యాదగా అడగండి, రాతపూర్వకంగా అడగండి, నలుగురు కలిసి అడగండి. ఒక్కరుగా అడిగితే ఇంటర్నల్ మార్కుల దగ్గర కనిపిస్తారు, జాగ్రత్త.

వచ్చిన జవాబులు కింద కామెంట్లలో పెట్టండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి పెట్టండి. జిల్లాలవారీగా పట్టిక నేను తయారుచేస్తాను. వచ్చే నెల ఆ పట్టికే ఈ వరుసలో పదో వ్యాసం అవుతుంది.

2010లో మన కొట్టుకు కాపలా లేదు. 2030కి ఇంకా సమయముంది. నంబరు మరిచిపోకండి: 789.

జై భీమ్.